ఓడ రావాలంటే తుఫాను కావాలి

ఆశ్వయుజ బహుళ పాడ్యమి

మా బావమరిది మాట ఇచ్చి ముప్ఫై ఏళ్ళు దాటింది. పెద్ద తుఫాను తర్వాత, ఇంకా బురద ఆరని షెల్టరు మెట్ల మీద నిలబడి, మైకు పట్టుకుని, నెలకోసారి వైద్య ఓడ వస్తుందన్నాడు. తుఫాను ఉన్నా లేకపోయినా వస్తుందన్నాడు. అప్పటికి అతను సముద్రానికి అందని అవతలి గట్టు మీద ఆరోగ్యశాఖలో కొత్తగా చేరిన పెద్ద అధికారి. పుట్టింది మాత్రం సముద్రం చుట్టుముట్టిన ఈ దొండతిప్పలోనే. జనం చప్పట్లు కొట్టారు. తమ్ముడు ఇంతవాడయ్యాడని నా భార్య ధనకొండ ఏడ్చింది. నేను కూడా చప్పట్లు కొట్టాను. ఆ రెండు చేతులూ ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి. వాటినేం చేయాలో తెలియడం లేదు.

ఓడ రెండుసార్లు వచ్చింది. మూడోసారి ఓడకు బదులు ఒక నిబంధన వచ్చింది. తుఫాను వచ్చిన మూడు నెలల్లోపు పుట్టిన రోగం తుఫాను రోగం. దానికి ఓడ వస్తుంది, వైద్యం ఉచితం. ఆ తర్వాత పుట్టింది సొంత రోగం. దాని బాధ ఎవరిది వాళ్ళు పడాలి. ఆ నిబంధన రాసింది కూడా మైకు పట్టుకున్న చెయ్యే.

ఏది ఏ రోగమో తేల్చేది గట్టు మీది యంత్రం. పెద్దవాళ్ళందరి చేతులకూ తీయడానికి వీల్లేని కడియాలు తొడిగారు. నాడి, రక్తపోటు, ఒంటి వేడి, అన్నీ వాటి ద్వారా దానికి తెలుస్తుంటాయి. షెల్టరు గోడలో ఉన్న స్పీకరులోంచి అది రోజూ పొద్దున్నే ఒక్కొక్కరినీ పేరుపెట్టి పలకరిస్తుంది. గట్టువాళ్ళు దానికి పెట్టిన పేరు మూడు బారల పొడవుంటుంది. మేం మేనత్త అంటాం. అందరి కుశలమూ అడుగుతుంది, చేతిలో మాత్రం ఏమీ పట్టుకురాదు.

ఈ పొద్దున ధనకొండ పాదం మీద బొటనవేలితో నొక్కాను. గుంట పడింది. పొయ్యి రాజేసి, గంజి కాచి తెచ్చేసరికి కూడా ఆ గుంట పూడలేదు. నిరుటి తుఫానుకి సముద్రం మా బావుల్లోకి వచ్చి వెళ్ళింది. సముద్రం వెళ్ళింది గాని ఉప్పు వెళ్ళలేదు. ఏడాదిగా ఆ నీళ్ళే తాగుతున్నాం. ముందు తిప్పంతటికీ రక్తపోటు వచ్చింది. తర్వాత ధనకొండకి మూత్రపిండాలు పాడయ్యాయి. మేనత్త చాలా మర్యాదగా, ఆవిడకి రక్తం కడిగే యంత్రం అవసరమనీ, అది ఓడలో ఉంటుందనీ, కాని ఈ జబ్బు మూడు నెలలు దాటాక మొదలైంది కాబట్టి సొంత రోగమనీ చెప్పింది. పడవలో గట్టు ఆసుపత్రికి తీసుకెళ్ళినా గేటు దగ్గర కడియం చూసి వెనక్కి తిప్పేస్తారు. నిరుడు అలా తిప్పేసిన ఇద్దరు తిరుగుదారిలోనే పోయారు.

ఇలాగే ఉంటే ఎన్నాళ్ళు ఉంటుందని అడిగాను. కార్తీక పున్నమి దాకా ఉండవచ్చునంది.

తమ్ముడికి పైనుంచి ఒత్తిడి ఉండి ఉంటుందని ధనకొండ నాకు నచ్చజెప్పింది. కాళ్ళు బూడిదగుమ్మడికాయల్లా ఉన్నప్పుడు కూడా. ఈ ఇంట్లో అతణ్ణి పేరుపెట్టి తిట్టడం నిషేధం. తిట్టిన రోజున నాకు పులుసు ఉండదు.

బహుళ తదియ

ఆకాశం నీలంగా, శుభ్రంగా ఉంది. ఇంత దరిద్రపు ఆకాశాన్ని ఈ నెలలో నేనెన్నడూ చూడలేదు.

మామూలుగా ఈపాటికి ఒక తుఫాను రావాలి. తిప్పంతా దానికోసం కాచుక్కూర్చుంది. చింతా గంటయ్య తన వరిబీజాన్ని ఏడాదిగా దాచుకుని ఉన్నాడు. పంటి నొప్పులు, కంటి శుక్లాలు, చెవిలో చీము, ఉప్పునీళ్ళలో నాని పాసిపోయిన కాళ్ళు, ఇంటింటా ఏదో ఒకటి వరుసలో నిలబడి ఉంది. నిబంధన ప్రకారం అవన్నీ తుఫాను వచ్చిన మర్నాడే పుట్టాలి. మావాళ్ళు ఆ విద్యలో ఆరితేరారు. గాలి తగ్గిన గంటకల్లా మూలుగులు మొదలవుతాయి. పాత జబ్బుని కూడా తుఫాను వల్ల ముదిరిన జబ్బుగా మార్చుకోవచ్చు. అందుకని ఓడ రావడం ఒక్కటే కావాలి, వచ్చాక ధనకొండ సంగతి డాక్టర్లు చూసుకుంటారు.

సాయంత్రం లంకే పల్లాలమ్మ వచ్చింది. మా తిప్పకి పెద్ద ఆవిడే. పడవ ఇంజన్లు బాగుచేస్తుంది, తగవులు తీరుస్తుంది. రెండింటికీ ఒకటే సుత్తి. ధనకొండ కాళ్ళ దగ్గర కూర్చుని, పాదం మీద నొక్కి, ఆ గుంటకేసి చాలాసేపు చూసింది. తర్వాత నావైపు తిరిగింది.

"ఓడ రావాలంటే తుఫాను కావాలి, అంతే కదండీ బాబాయిగారూ. అదొచ్చేదాకా కూకుంటే పిన్నిగారు ఆగరండి. మనవే తెద్దారండి."

నేను నవ్వాననుకుంటాను. ఆవిడ నవ్వలేదు.

బహుళ షష్ఠి

తుఫాను వచ్చిందని మేనత్త నమ్మాలంటే ఇద్దరు సాక్షులు కావాలి. ఒకటి తిప్ప కొసన గాలి వేగం కొలిచే గాలిస్తంభం. రెండోది మా కడియాలు. పూర్వం ఆకాశంలో ఉపగ్రహాలు కూడా తిరిగేవి. అవి పాతబడి రాలిపోయాక గట్టువాళ్ళు కొత్తవి పంపలేదు. మా మణికట్లు చవక.

గాలిస్తంభం పని పల్లాలమ్మ తీసుకుంది. చేపలు ఆరబెట్టే షెడ్డులోంచి రెండు పెద్ద ఫ్యాన్లు విప్పించి, తాటి దూలాల మీదికి ఎక్కించి, స్తంభం మీద తిరిగే గిన్నెలకి ఎదురుగా కట్టించింది. పక్కనుంచి ఒకరు పంపుతో ఉప్పునీళ్ళు చిమ్ముతారు. హోరు కోసం ఇనుప రేకులు బాదాలంటే నలుగురు ఆడవాళ్ళు ముందుకొచ్చారు. సాధన చేస్తుంటే చూశాను. ఎవరెవరిని తలుచుకుని బాదుతున్నారో అడిగే ధైర్యం చేయలేదు.

కడియాల పని నాకు అప్పగించారు, నలుగురిలోకీ చదివినవాణ్ణని. తీరం మునగక ముందు నేను పుస్తకాలు బైండు చేసేవాణ్ణి. నా దగ్గరకొచ్చిన ప్రతి పుస్తకాన్నీ చదివాకే కుట్టేవాణ్ణి. అందువల్ల ఖాతాదారులు తగ్గారు, జ్ఞానం పెరిగింది. తుఫానులో మనిషికి భయం వేస్తుంది, భయం వేస్తే గుండె పరిగెడుతుంది. నేను కుట్టిన వైద్య గ్రంథాలన్నీ ఈ విషయంలో ఒక్కమాట మీద ఉన్నాయి. కాబట్టి అందరి గుండెలూ ఒకేసారి పరిగెత్తాలి.

పడుచువాళ్ళకి షెల్టరు ముందు కబడ్డీ పెట్టాం. పెద్దవాళ్ళకి పాత సరిహద్దు తగాదాలు తిరగతోడాలనుకున్నాం. గంటయ్యకి వరిబీజం వల్ల కబడ్డీ కుదరదు. అతని ఎదురుగా అతని వియ్యంకుణ్ణి కూర్చోబెడితే చాలని పల్లాలమ్మ తేల్చింది.

బహుళ ఏకాదశి

ఈ మధ్యాహ్నం తుఫాను తెచ్చాం.

ఫ్యాన్లు బ్రహ్మాండంగా తిరిగాయి. స్తంభం మీది గిన్నెలు కనబడనంత వేగంగా గింగిరాలు కొట్టాయి. రేకుల హోరుకి కోళ్ళు చెట్లెక్కి ఇంకా దిగలేదు. కబడ్డీలో ఒకడి పన్ను ఊడింది. గంటయ్యా వియ్యంకుడూ నేననుకున్నదానికంటే చక్కగా పనిచేశారు. ఎప్పుడో జరిగిన పెళ్ళిలో వంకాయ కూర దగ్గర మొదలై, ఒకరి తాతలను ఒకరు తవ్వితీసేదాకా వెళ్ళారు. ధనకొండ కిటికీలోంచి ఇదంతా చూసి, చాలా రోజుల తర్వాత నవ్వింది. నవ్వితే ఆయాసం వచ్చింది.

అప్పుడు మేనత్త గొంతు సవరించుకుంది. గాలి వేగం నమోదైందని చెప్పింది. దొండతిప్ప ప్రజల నాడి మాత్రం తుఫానుకి సరిపోలడం లేదని చెప్పింది. ఆటల పోటీలు ముగిశాక అందరూ నీళ్ళు బాగా తాగాలని సలహా ఇచ్చింది. ఏ నీళ్ళు తాగాలో చెప్పలేదు.

జనం నావైపు తిరిగారు. నేను మళ్ళీ గ్రంథాల పేర్లు చెప్పబోతే పల్లాలమ్మ చెయ్యెత్తి ఆపింది. స్పీకరు దగ్గరకెళ్ళి, వెనకటి తుఫానుల్లో మా నాడులు ఎలా ఉన్నాయో చదవమని అడిగింది. మేనత్తకి దాపరికం లేదు. ఒక్కో తుఫానే చదువుకుంటూ పోయింది. ప్రతిదాంట్లోనూ ఒకటే సంగతి. గాలి లేవగానే దొండతిప్ప గుండెలు నెమ్మదించాయి. రక్తపోట్లు దిగాయి. పైకప్పులు ఎగిరిపోతున్న పూట సగం మంది నిద్రపోయారు.

దాని గుట్టు విప్పింది గంటయ్యే.

"అవును మరి బావా. గాలి మొదలైందంటే ఓడ బయల్దేరినట్టే కదా. నాకు నిద్దరట్టేది ఆ పూటే."

వైద్య గ్రంథాలు రాసినవాళ్ళలో ఈ తిప్పవాడు ఒక్కడూ లేడు. ఇక్కడ గుండెలు పరిగెత్తేది మంచి వాతావరణంలో. రేపు జ్వరం వస్తే ఏం చేయాలి, కాన్పు అడ్డం తిరిగితే ఎటు పోవాలి అని. ఇంత చిన్న విషయం కనిపెట్టడానికి నాకు డెబ్బై నాలుగేళ్ళు పట్టింది. అది కూడా గంటయ్య చెబితే.

కార్తీక శుద్ధ విదియ

ధనకొండ పడుకోలేకపోతోంది. పడుకుంటే ఊపిరి అందదు. గోడకి తలగడలు ఆనించి కూర్చోబెడుతున్నాను. ఒళ్ళంతా దురద. నోట్లో ఏం పెట్టినా తుప్పు రుచి వస్తోందంటోంది. నిన్న ఒకసారి నన్ను తమ్ముడి పేరుతో పిలిచింది. జబ్బు వల్లేనని సరిపెట్టుకున్నాను.

కాబట్టి తిప్పంతా ఒకేసారి శాంతించాలి. ఇది తుఫాను తేవడం కంటే కష్టమని తేలింది. కల్లు పోస్తే గుండె ఇంకా ఎగిరింది. భజన పెడితే ముందు ఎవరు పాడాలన్న దగ్గర తన్నుకున్నారు. కళ్ళు మూసుకుని సముద్రాన్ని తలుచుకోమంటే, ఆ సముద్రం వల్లే కదా ఈ ఖర్మంతా అని ఒకావిడ లేచి వెళ్ళిపోయింది.

దారి దొరికింది మా అరుగు మీదే. ఉప్పు గురించి నేను ముప్ఫై ఏళ్ళుగా ఒక గ్రంథం రాస్తున్నాను. పొద్దున ధనకొండకి కాలక్షేపంగా ఉంటుందని అందులో ఒక అధ్యాయం పైకి చదువుతున్నాను. కిటికీ కింద వలలు కుడుతున్న ఆరుగురు వరసగా ఒకరి భుజం మీద ఒకరు వాలి నిద్రపోయారు. అటుగా వచ్చిన పల్లాలమ్మ వాళ్ళ కడియాల మీద కనబడే నాడి అంకెలు ఒక్కొక్కటే వంగి చూసింది. తర్వాత, నాకు అలవాటు లేనంత గౌరవంగా, నా దగ్గరకొచ్చింది.

"మీ పుస్తకం ఎంతుంటదండీ బాబాయిగారూ?"

ముప్ఫై ఏళ్ళలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి. మూడు సంపుటాలని చెప్పాను.

"సరిపోద్దండి," అంది.

శుద్ధ పంచమి

పట్టపగలు, భోజనాలయ్యాక, అందరినీ షెల్టరులో చాపల మీద పడుకోబెట్టాం. ఫ్యాన్ల దగ్గరా పంపు దగ్గరా రేకుల దగ్గరా కడియం తొడిగే వయసు రాని పిల్లల్ని పెట్టింది పల్లాలమ్మ. ధనకొండని నలుగురు మంచంతో సహా మోసుకొచ్చి నా పక్కన దించారు. పెదవులు తెల్లగా ఉన్నాయి. పున్నమి దాకా కూడా ఆగేలా లేదు. బయట హోరు మొదలుకాగానే నేను రెండో సంపుటం తెరిచాను.

రచయితగా ఆ గంట గురించి రాయడానికి నాకు మనసొప్పడం లేదు. గంటయ్య మొదటి పుటలోనే పడిపోయాడు. అతని వియ్యంకుడు అతని మీద చెయ్యి వేసుకుని పడిపోయాడు. నాకు చాలా ఇష్టమైన వాక్యం ఒకటుంది, దాన్ని రెండేళ్ళు చెక్కాను. అది పూర్తయ్యేసరికి వినడానికి తిప్పలో ఎవరూ మిగల్లేదు. పల్లాలమ్మ కూడా సుత్తి తల కింద పెట్టుకుని గురకపెడుతోంది.

మేనత్త పలికింది. గాలి సరిపోయిందంది. కడియాలన్నీ సరిపోయాయంది, ఒక్కటి తప్ప. అన్నీ సరిపోతేగాని ఓడ కదలదని గుర్తుచేసింది. ఆ ఒక్కటి ఎవరిదని అడిగాను. నా పేరు చెప్పింది. నా నాడి తుఫానుకి తగినట్టు లేదంది. నిజం తుఫానులో నాకూ కోపం రాదు. అక్కడ తిట్టడానికి మనిషి ఉండడు. కాని నేను చదువుతున్నది నిబంధనల అధ్యాయం. ధనకొండ మాట మీద పేరు రాయలేదు గాని, ప్రతి పుటలోనూ బావమరిది నడిచి వస్తున్నాడు.

పుస్తకం మూశాను. ఊపిరి లెక్కపెట్టాను. క్షమిద్దామని నిజాయితీగా ప్రయత్నించాను. అతను చేసిన మంచి ఒక్కటైనా తలుచుకుందామని వెతికితే మా పెళ్ళి గుర్తొచ్చింది. పెళ్ళిలో నా చెప్పులు దాచాడు. అందులో ఒకటి ఇప్పటికీ ఇవ్వలేదు. కడియం ఎర్రబడింది. పిల్లలు అలిసిపోతున్నారు, రేకుల చప్పుడు పల్చబడుతోంది. నా పక్కనే ధనకొండ ఊపిరి, తడి రంపంతో కట్టె కోస్తున్నట్టు. ఆ చప్పుడు విన్నకొద్దీ నా గుండె ఇంకా కొట్టుకుంది. ఈవిడ చచ్చిపోతే చంపింది ఆ నిబంధన కాదు, నా కోపమే అవుతుంది. ఆ ఆలోచనతో కోపం రెట్టింపయింది.

ఆవిడ కళ్ళు తెరిచింది. నిద్రపోలేదన్నమాట. ఎన్నో ఏళ్ళుగా నా గ్రంథం విని విని ఆవిడకి అలవాటైపోయింది. చేత్తో దగ్గరకి రమ్మంది. చెవి ఆమె నోటి దగ్గర పెట్టాను.

"క్షమించడం మీ వల్ల కాదులెండి. వాడి పేరు రాసుకోండి ఆ పుస్తకంలో. నలుగురూ చదివితే చదవనివ్వండి. నేనేం అనను."

నిజంగానేనా అన్నాను.

"నాకూ బతకాలనుందండీ," అంది.

ఇన్నేళ్ళలో తమ్ముడి మీద ఈగ వాలనివ్వని మనిషి. ఆ మాట అనడానికి ఎంత దూరం నడిచి వచ్చిందో ఆ పాదాలకే తెలియాలి. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. క్షమిస్తే శాంతి కలుగుతుందని చాలా పుస్తకాల్లో చదివాను, అదెలా ఉంటుందో నాకు తెలియదు. ఆ పేరు కాగితం మీద పొందికైన అక్షరాలతో పడటం ఊహించుకున్నాను. కింద గీత గీయాలా వద్దా అని ఆలోచించాను. వద్దనుకున్నాను, పేరే చాలు. ఒళ్ళంతా వదులైంది. వేసవిలో మొదటి వాన పడ్డాక అరుగు మీద కూర్చున్నట్టుగా ఉంది.

తుఫాను ధ్రువీకరించబడిందనీ, ఓడ బయలుదేరిందనీ, దొండతిప్ప ప్రజలు ధైర్యంగా ఉండాలనీ మేనత్త ప్రకటించింది. వినడానికి మేమిద్దరమే మెలకువగా ఉన్నాం.

శుద్ధ నవమి

ఓడ మొన్న వచ్చింది. డాక్టరమ్మ చిన్న వయసుది. రేవులో దిగి, ఎండలో మెరుస్తున్న పైకప్పుల్ని, తీగల మీద ఆరుతున్న బట్టల్ని, తాటి దూలాల మీది ఫ్యాన్లని చూసింది. గాలి గట్టిగానే వీచిందా అని అడిగింది. గట్టిగానే వీచిందనీ, వాళ్ళు రావడం ఆలస్యమైంది గనక ఎండ వచ్చేసిందనీ పల్లాలమ్మ కన్నార్పకుండా చెప్పింది. చుట్టూ మూలుగులు మొదలయ్యాయి. గంటయ్య మూలుగు అన్నిటికంటే బాగుంది. డాక్టరమ్మ ఇంకేం అడగలేదు. తన పెట్టె తనే మోసుకుంటూ నడిచింది.

ధనకొండకి రెండుసార్లు రక్తం కడిగారు. ముఖంలోకి మనిషి తిరిగి వచ్చింది. పొద్దున గంజి తాగి, ఉప్పు తక్కువైందని నన్ను కసిరింది. ఆ మాటకి ఓడలో నర్సులందరూ నవ్వారు. డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి, ఆవిడ మూత్రపిండాలు ఇక మామూలు కావని, వారానికి రెండు మూడుసార్లు యంత్రం తప్పదని చెప్పింది. తుఫాను మళ్ళీ మళ్ళీ వచ్చే చోట యంత్రాన్నీ మంచినీళ్ళ సరంజామానీ దించి వెళ్ళే వీలుందట. నెలకోసారి తుఫాను నమోదవుతూ ఉంటే చాలునట. ఈ చివరి మాట చెప్పేటప్పుడు ఆ అమ్మాయి సముద్రంకేసి చూసింది.

పల్లాలమ్మ అప్పుడే ఫ్యాన్లకి నూనె పెడుతోంది. మార్గశిరం తుఫానుకి రోజు కూడా ఖాయం చేశారు. నన్ను మూడో సంపుటం తొందరగా పూర్తిచేయమన్నారు, పొడుగ్గా రాయమన్నారు. నెలనెలా ఓడ వస్తుంది. ఇందులో మా బావమరిది చలవ ఏమీ లేదు. అతను గట్టు మీద పింఛను తీసుకుంటూ, మంచినీళ్ళ బావి పక్కన గులాబీలు పెంచుతున్నాడని వినికిడి.

డాక్టరమ్మ ధనకొండ జబ్బుకి కారణం తుఫాను అని రాసుకుంది. ఆమె అలా రాయాలి, ఓడ నడవాలి కదా. నేను రాయాల్సింది వేరు. ధనకొండ చేతికి గొట్టాలున్నాయి, పక్కన యంత్రం గుడగుడలాడుతోంది, తను నా కలంకేసే చూస్తోంది. పేరు మొదలుపెట్టగానే ఆపింది. ఉత్త పేరు రాస్తే కుదరదంది. పడమటి రేవులో పడవలకి రంగులేసే ఆయనది కూడా అదే పేరు, పాపం ఆయన మీద పడుతుంది, ఇంటిపేరుతో సహా రాయమంది. అది ఆవిడ పుట్టింటి పేరు. మరోసారి ఆలోచించుకోమన్నాను. రాయండి అంది.

కర్రి భీమశంకరం.